రెండోసారి పనిచేయని సిరంజి

సూదిమందు ఎక్కించే సిరంజి చరిత్రలో మొదటి నూరేళ్లూ దాన్ని మరింత మన్నికగా, మరింత కచ్చితంగా ఎలా తయారుచేయాలన్న ఆలోచనతో గడవగా, ఇటీవలి నాలుగు దశాబ్దాలు దాన్ని రెండోసారి వాడకుండా ఎలా ఆపాలన్న అన్వేషణతో గడిచాయి. 1853లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చార్లెస్ ప్రవాజ్ ఎవరి దారిన వారు, బోలుగా ఉండే సన్నని సూదిని చిన్న గొట్టానికి అమర్చి మందును నేరుగా శరీరంలోకి పంపే సాధనాన్ని రూపొందించారు. గాజుతో, లోహంతో చేసిన ఆ సాధనం ఖరీదైనది కావడంతో ఒకే సిరంజి ఏళ్ల తరబడి వందలాది మందికి పనిచేసేది. వ్యాధులకు సూక్ష్మక్రిములు కారణమన్న సంగతి స్థిరపడ్డాక, వాడిన ప్రతిసారీ దాన్ని నీళ్లలో మరిగించడం ఆసుపత్రులలో నిత్యకృత్యంగా మారింది.

ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో ప్లాస్టిక్ వచ్చి ఈ పద్ధతిని తారుమారు చేసింది. న్యూజిలాండ్‌లోని టిమారు పట్టణంలో మందుల దుకాణం నడుపుతూ పశువైద్యం కూడా చేసిన కాలిన్ మర్డాక్ 1956లో ప్లాస్టిక్ సిరంజికి పేటెంట్ పొందగా, 1960 దశకంలో ఇటువంటివి పెద్ద కంపెనీల ద్వారా ప్రపంచమంతటా వ్యాపించాయి. ఒకసారి వాడి పారేయడమే వీటి ఉద్దేశం. అయితే ఆ ఉద్దేశం పొట్లం మీది అక్షరాలలో ఉందే తప్ప సిరంజి నిర్మాణంలో లేదు. కడిగి మళ్లీ వాడితే అది మొదటిసారి ఎంత చక్కగా పనిచేసిందో రెండోసారీ అంతే చక్కగా పనిచేసేది. గాజు సిరంజిని మరిగించవచ్చు గానీ ప్లాస్టిక్ సిరంజి మరిగించి వాడేందుకు చేసినది కాదు కనుక, సరఫరా చాలని చోట్ల మరిగించకుండానే మళ్లీ వాడే అలవాటు పాతుకుపోయింది. భద్రత కోసం వచ్చిన వస్తువు, పాత పద్ధతిలో ఉన్న కాస్త రక్షణను కూడా తీసివేసింది. 2000 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా ప్రకారం, అశుద్ధమైన సూదుల వల్ల ఆ ఒక్క ఏడాదిలో 2 కోట్ల 10 లక్షల మందికి హెపటైటిస్-బి, 20 లక్షల మందికి హెపటైటిస్-సి, 2 లక్షల 60 వేల మందికి హెచ్‌ఐవి సోకాయి.

ఇంత కీడుకు బాధ్యులెవరన్న ప్రశ్నకు తేలికగా దొరికే జవాబు సూది వేసిన నర్సు లేదా కాంపౌండరు. శిక్షణ తరగతులు, హెచ్చరికలు, తనిఖీలు అన్నీ ఆ జవాబును నమ్ముకునే నడిచాయి. కానీ వంద మంది పిల్లలు వరుసలో నిలబడి ఉండగా పెట్టెలో ఇరవై సిరంజిలే మిగిలితే, ఎంత మనస్సాక్షి ఉన్న ఆరోగ్య కార్యకర్తనైనా ఆ పరిస్థితే తప్పు వైపు నెడుతుంది. మనోవైద్య రంగంలో కుటుంబ చికిత్స, అంటే ఇంట్లో ఒకరికి వచ్చిన మానసిక ఇబ్బందిని ఆ ఒక్కరి లోపంగా చూడకుండా కుటుంబ సభ్యుల మధ్య సంబంధాల అమరికలో వెదికే చికిత్సా విధానం, ఇదే సంగతిని మరో దారిలో కనుగొంది. అర్జెంటీనాలో పుట్టి ఫిలడెల్ఫియాలో పనిచేసిన సాల్వడోర్ మినూచిన్, కుటుంబ సభ్యులు చికిత్స గదిలో కూర్చున్న స్థానాలను మార్పించి, ఎవరు ఎవరితో నేరుగా మాట్లాడతారో దాన్ని మార్చడం ద్వారానే చికిత్స మొదలుపెట్టేవారు. మనిషికి బోధించడం కన్నా అతని చుట్టూ ఉన్న అమరికను మార్చడం ఫలిస్తుందన్న ఈ ఎరుకే వైద్య భద్రతా సాధనాల రూపకల్పనకూ పనికొస్తుంది. రెండు పనుల మూలసూత్రం ఒక్కటే.

సిరంజి విషయంలో ఆ సూత్రాన్ని మొదట ఆచరణలో పెట్టినది సియాటిల్‌లోని పాత్ అనే లాభాపేక్ష లేని సంస్థ. అది రూపొందించిన సోలోషాట్ సిరంజి గొట్టంలో ఒక చిన్న లోహపు క్లిప్ ఉంటుంది. ప్లంజర్‌ను, అంటే గొట్టంలో ముందుకూ వెనక్కూ జరిగే కడ్డీని, ఒక్కసారి వెనక్కి లాగి టీకా నింపి, పూర్తిగా నొక్కగానే ఆ క్లిప్ దాన్ని పట్టేసి మళ్లీ వెనక్కి రానివ్వదు. బ్రిటన్‌కు చెందిన మార్క్ కోస్కా దారి వేరు. వైద్య శిక్షణ ఏదీ లేని ఆయన, వాడిన సిరంజిల ద్వారా హెచ్‌ఐవి వ్యాపించబోతోందన్న పత్రికా వ్యాసాన్ని 1984లో చదివి ఆ సమస్యనే జీవితకాలపు పనిగా ఎంచుకున్నారు. ఆయన గుర్తించిన కీలకాంశం వైద్యానికి కాక తయారీకి సంబంధించినది: కర్మాగారాలలో ఇప్పటికే ఉన్న యంత్రాల మీద, అదే ముడిసరుకుతో, దాదాపు అదే ఖర్చుతో తయారు కాని సిరంజిని ఏ పేద దేశమూ కొనదు. అందుకే కె1 అనే ఆయన సిరంజిలో అదనపు విడిభాగాలు లేవు. గొట్టం లోపలి గోడమీద ఒక సన్నని వలయం ఉంటుంది. మందు ఎక్కించాక ప్లంజర్ అక్కడ ఇరుక్కుంటుంది, బలవంతంగా లాగితే విరిగిపోతుంది. ఆలోచన మొదలైన పదిహేడేళ్లకు, 2001లో, దాని మొదటి అమ్మకం జరిగింది.

ఈలోగా 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థలు, 2003 చివరికల్లా టీకాలన్నీ ఇటువంటి ఆటో డిజేబుల్ సిరంజిలతోనే వేయాలని ఉమ్మడిగా ప్రకటించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి పాత్ నడిపిన కార్యక్రమం ద్వారా 2000 దశకపు తొలి ఏళ్లలోనే హెపటైటిస్-బి టీకాతో పాటు ఈ సిరంజిలూ ఆరోగ్య కేంద్రాలకు చేరాయి. వాటి వల్ల టీకాలు వేసే ఏఎన్‌ఎంల చేతి అలవాటు కూడా మారవలసి వచ్చింది. మామూలు సిరంజితోనైతే ముందు కొంత గాలి లాగి, దాన్ని టీకా సీసాలోకి ఎక్కించి, ఆ తరువాత మందు తీయడం అలవాటు. ఈ సిరంజితో అలా చేస్తే టీకా నింపకముందే ప్లంజర్ బిగిసిపోతుంది. కాబట్టి సూదిని నేరుగా సీసాలో గుచ్చి, 0.5 మిల్లీలీటర్ల గీత దాటి కాస్త ఎక్కువ లాగి, సిరంజిని నిలువుగా పట్టి వేలితో తట్టి, గాలి బుడగను పోగొడుతూ గీత దగ్గర ఆపాలి.

అయితే ప్రపంచంలో వేసే సూదులలో టీకాల వాటా చాలా తక్కువ. నూటికి తొంభై వరకూ జబ్బుల చికిత్స కోసం వేసేవే. 2000 దశకం తొలినాళ్లలో భారతదేశమంతటా జరిపిన ఒక పెద్ద అధ్యయనంలో నూటికి దాదాపు 63 ఇంజెక్షన్లు సురక్షితం కావని తేలింది. జ్వరం వస్తే సూది పడితేనే తగ్గుతుందన్న నమ్మకం పల్లెలో రోగికీ ఆర్‌ఎంపీ డాక్టరుకూ మధ్య బలంగా ఉంది. రోగి అడుగుతాడు, సూది వేయకపోతే మరొకరి దగ్గరికి వెళ్తాడని డాక్టరు వేస్తాడు, వేశాడు కనుక మరుసటిసారీ రోగి అదే అడుగుతాడు. బిగిసిపోయే ప్లంజర్ ఈ సూదిని శుభ్రంగా ఉంచగలదే గాని, అనవసరమైన సూదిని ఆపలేదు.

చికిత్స కోసం వాడే సిరంజిని ఒక్కసారికే బిగిసిపోయేలా తయారుచేయడం సాంకేతికంగా కూడా కష్టం. టీకా మోతాదు స్థిరం కాబట్టి ప్లంజర్ ఒక్కసారి వెనక్కి, ఒక్కసారి ముందుకు కదిలితే చాలు. పొడి మందులో నీరు కలపడానికీ, సూది రక్తనాళంలోకి చేరిందో లేదో చూడడానికీ, మోతాదును రోగి బరువును బట్టి మార్చడానికీ మాత్రం ప్లంజర్ పలుమార్లు ముందుకూ వెనక్కూ కదలాలి, అయినా చివరిసారి నొక్కాక మాత్రమే బిగియాలి. ఇటువంటి సిరంజిలకే అన్ని దేశాలూ మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కోరి, 2020ని గడువుగా పెట్టింది. 2019లో పాకిస్తాన్‌లోని రతోదెరోలో వందలాది మంది పిల్లలకు హెచ్‌ఐవి సోకినట్లు బయటపడినప్పుడు, అక్కడి దర్యాప్తు చూపినది తిరిగి వాడిన మామూలు ప్లాస్టిక్ సిరంజిల వైపే.