సబ్బుపొడిలోని ధూళి

బట్టమీద పాలు, గ్రుడ్డుసొన, నెత్తురు ఎండి బిగిస్తే ఆ మరక వట్టి సబ్బుకు లొంగదని గృహిణులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇవి మాంసకృత్తుల మరకలు. వీటిని ముక్కలుచేసి నీటిలో కలిసిపోయేటట్లు చేయడానికి కొన్ని సబ్బుపొడులలో ఎంజైమును కలుపుతారు. బాసిల్లస్ జాతి సూక్ష్మజీవులను పెద్ద తొట్లలో పెంచి, అవి స్రవించే ఎంజైమును వేరుచేస్తారు. మనం తిన్న పప్పును కడుపులో అరిగించేవీ ఇటువంటి పదార్థాలే.

ఈ పొడులు 1960 తరువాతి దశకంలో ఐరోపాలో బహుళ ప్రచారం పొందాయి. ఆనాటి ఎంజైము పిండివలె మెత్తనిది. కర్మాగారంలో సంచులు విప్పి గుమ్మరించినప్పుడెల్లా ధూళి లేచేది. ఆ గాలి పీల్చిన పనివారికి కలిగిన శ్వాసకోశవ్యాధిని ఫ్లిండ్ట్ అనే బ్రిటిష్ వైద్యుడు 1969లో ‘లాన్సెట్’ పత్రికలో వివరించారు.

ఈ వ్యాధి నడక చిత్రమైనది. పనిలో చేరిన తొలిదినాలలో ఏ బాధా ఉండదు. ఎంజైము కూడా ఒక మాంసకృత్తే కనుక, శరీరం దానిని శత్రువుగా గుర్తుపెట్టుకొని లోలోపల ప్రతిపదార్థాలను తయారుచేసుకొంటుంది. వారాలో, నెలలో గడిచాక, రవ్వంత ధూళికే దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం. అదైనా ఒక్కొక్కప్పుడు పనివేళ కాక, ఇల్లు చేరిన తరువాత ఏ రాత్రివేళనో వస్తుంది. పాపం, చలిగాలినో మంచునో తిట్టుకొనేవాడికి పగటి ధూళి ఎట్లా తోస్తుంది?

ముక్కుకు గుడ్డ కట్టుకోవడం దీనికి చాలిన రక్షణ కాదు. అసలు మార్పు పొడి రూపంలోనే వచ్చింది. 1970 తరువాత ఎంజైమును గుళికలుగా చేసి, పైన పూత పూయసాగారు. ఇంట్లో వాడుకొనేవారికి భయం తగ్గినది ప్రధానంగా ఇందువల్లనే. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించిన హద్దు ఘనమీటరు గాలికి 60 నానోగ్రాములు. అనగా, ఒక గ్రామును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో 60!

అయినా, పూత పూసిన గుళికలనే వాడిన ఒక బ్రిటిష్ కర్మాగారంలో ఉబ్బసం మళ్ళీ తలయెత్తినట్లు 2000లో అదే పత్రిక ప్రకటించింది. గుళిక నలిగితే తిరిగి ధూళియే కదా! కనుక ఒలికిన పొడిని చీపురుతో ఊడ్చరాదు; పీల్చే యంత్రంతోగాని, తడిపిగాని ఎత్తాలి. సెలవుదినాలలో తగ్గి, పనిలోకి వెళ్ళగానే ఆయాసం తిరగబెట్టేవారు వైద్యునికి తమ జబ్బుతోపాటు తాము చేసే పనిని గురించి కూడా చెప్పాలి.