పిలుచువారి పగలు – వినువారి రాత్రి

మనుష్యునికున్న సంపదలలో ఇతరులు అడుగకయే తీసికొనునది కాలమొక్కటే. రూపాయి కావలసినవారు అప్పు అడుగుదురు. పుస్తకము కావలసినవారు ఎరువు అడుగుదురు. గంటసేపు కావలసినపుడు మాత్రము అడుగుట లేదు. “సమావేశమున్నది, రండి” అని తెలుపుటయే కలదు. ఆ గంట భోజనవేళయో, నిద్రవేళయో, బిడ్డకు లెక్క చెప్పు వేళయో పిలిచినవారికి తెలియదు. తెలిసినను గణనకు రాదు. నేటి ఉద్యోగులలో తఱచుగ వినవచ్చు విసుగులలో ఇది యొకటి. చూచుటకు చిన్న విసుగే గాని, దాని వెనుక భూగోళమున్నది, చరిత్ర యున్నది, న్యాయాన్యాయ విచారము కూడ నున్నది. దీనిని పరిశీలించుటకు శ్రీసిటీ వంటి చోటు మన ప్రాంతమున మఱొకటి లేదు.

సత్యవేడు, వరదయ్యపాళెము మండలముల నేలపై, చెన్నైకి ఉత్తరముగ సుమారు 55 కిలోమీటర్ల దూరమున, ఈ పారిశ్రామిక నగరము 2008లో ఆరంభమైనది. అప్పుడది చిత్తూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున జాతీయ రహదారి, దాని కావల పులికాటు సరస్సు. జపానువారి ఇసుజు వాహనములు, ఫ్రాన్సువారి ఆల్‌స్టామ్ మెట్రో రైలు పెట్టెలు, అమెరికావారి మాండెలీజ్ చాక్లెట్లు ఇచ్చట తయారగుచున్నవి. ఇరువదికి పైగ దేశముల సంస్థలు ఇచ్చట పనిచేయుచున్నవి. ఏ సంస్థలో సమావేశములు ఎప్పుడు జరుగునో విచారించుట ఈ వ్యాసమునకు విషయము కాదు. ఇన్ని దేశములవారు ఒక మాటకు కూడవలెనన్నపుడు సూర్యుడు పెట్టు చిక్కు ఎట్టిదో చూచుటయే విషయము.

ఈ చిక్కు తరగతిగదిలోని నల్లబల్లపై తేటపడును. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును గనుక ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు. మన దేశపు గడియారమునకు ఆధారమైన రేఖ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. అది మన కాకినాడ సమీపముగనే పోవుచున్నది. జపాను గడియారమునకు ఆధారము 135 డిగ్రీల తూర్పు. భేదము 52½ డిగ్రీలు, అనగా 210 నిమిషములు, మూడున్నర గంటలు. టోక్యోలో ఉదయము 8:30కు సభ కూర్చున్నచో శ్రీసిటీలో తెల్లవారుజామున 5 గంటలు. షికాగో గడియారము 90 డిగ్రీల పడమటి రేఖ ననుసరించును. రెండింటి నడుమ 172½ డిగ్రీలు, 690 నిమిషములు, పదునొకండున్నర గంటలు. అచ్చట ఉదయము 9 అయినపుడు ఇచ్చట రాత్రి 8:30.

ఉదయము 9 నుండి సాయంత్రము 6 వఱకు పనివేళ అనుకొందము. టోక్యోకును శ్రీసిటీకిని రోజునకు ఐదున్నర గంటలు ఉమ్మడిగ దొరకును. చలికాలమున పారిస్‌కును మనకును నాలుగున్నర గంటలు దొరకును. షికాగోకును మనకును ఒక్క నిమిషమైనను దొరకదు. ఈ నాలుగు చోట్లవారిని ఒకేసారి కూర్చుండబెట్టదలచినచో, షికాగో వారు 7 గంటలకే లేచి కూర్చుండవలెను. అప్పుడు పారిస్‌లో మధ్యాహ్నము 2, శ్రీసిటీలో సాయంత్రము 6:30, టోక్యోలో రాత్రి 10. నలుగురికిని పనివేళ యైన గంట ఈ భూమిపై లేనే లేదు.

దీనికి తోడు మఱొక చిక్కు. అమెరికాలో చాల భాగమున మార్చి రెండవ ఆదివారమున, ఐరోపాలో మార్చి చివరి ఆదివారమున గడియారములను గంట ముందునకు జరుపుదురు. జపానులోను మనదేశములోను ఆ వాడుక లేదు. యుద్ధకాలమున, 1942 నుండి 1945 వఱకు, మనమును జరిపితిమి గాని పిమ్మట మానితిమి. కావున మార్చిలో ఇచ్చట చెట్టు ఆకు కదలకున్నను, రాత్రి 8:30 సమావేశము 7:30కు వచ్చి కూర్చుండును. నవంబరు మొదటి ఆదివారమునకు మరల వెనుకకు పోవును. దానితో భోజనవేళయు, బస్సువేళయు మారవలసినదే.

ఇట్లు అసౌకర్యము ప్రకృతి సిద్ధము. అది ఎవరిపై పడవలెనను నిర్ణయము మాత్రము ప్రకృతిది కాదు. సూర్యుడు చీకటిని అందఱికిని వంతులవారిగ పంచుచున్నాడు. పెద్ద పదవిలో నున్నవాని మధ్యాహ్నమే అందఱి మధ్యాహ్నము కావలెనని సూర్యుడనలేదు. పూర్వము ట్రంకు కాల్ మాటలాడవలెనన్న నిమిషములకు రూకలు చెల్లింపవలసి యుండెను గనుక మాట క్లుప్తముగ నుండెడిది. నేడు పిలుచుటకు ఖర్చు లేదు. ఖర్చు పోలేదు, సంచి మారినది. పిలిచినవాని జేబులో నుండి తీయవలసినది వినువాని నిద్రలో నుండి తీయబడుచున్నది. పన్నెండుగురు కూర్చున్న గంట సమావేశము ఒక గంట కాదు. పన్నెండు గంటలు, అనగా ఒకని ఒకటిన్నర రోజుల పని.

శ్రీసిటీలో ఇంజనీరుగ పనిచేయు నొక తల్లిని ఊహింపుడు. సాయంత్రము 6 గంటలకు బస్సెక్కి సూళ్ళూరుపేటకు చేరి, కూర పొయ్యిమీద పెట్టి, ఐదవ తరగతి బిడ్డ పుస్తకము విప్పునప్పటికి 8:30. ఫోను మ్రోగును. బిడ్డకు భిన్నముల లెక్క తెగలేదు. ఆమె యాబది నిమిషములు ఇతరుల మాట విని, తన వంతు వచ్చినపుడు “మా వైపు మార్పేమీ లేదండీ” అని ఒక్క మాట చెప్పును. అప్పటికి బిడ్డ పుస్తకముమీదనే నిద్రపోయి యుండును. మరునాడు బడిలో ఆ లెక్క ఎందుకు చేయలేదని అడుగు ఉపాధ్యాయునికి కనబడునది బిడ్డ అశ్రద్ధ. కనబడనిది షికాగో ఉదయము.

మన పూర్వులకు వేళ నిర్ణయించుట ఒక శాస్త్రము. రోజునకు 60 గడియలు. గడియకు 24 నిమిషములు. రెండు గడియలు ఒక ముహూర్తము. అడుగున రంధ్రము గల చిన్న గిన్నెను నీటిపై విడిచి, అది మునుగు కాలమును గడియగ లెక్కించెడివారు. గడియారమను మాటకు మూలము ఆ గడియయే. పెండ్లి ముహూర్తమునకు వధువు నక్షత్రమును, వరుని నక్షత్రమును రెండింటిని చూతురు. నక్షత్రములను నమ్మినను నమ్మకున్నను అందలి మర్యాద గమనింపదగినది: వేళ ఇరుపక్షములకును కుదురవలెను. అర్ధరాత్రి ముహూర్తములకు బంధువులు కన్నులు నులుముకొనుచు కూర్చున్న మాట నిజమే. కాని అది ఒక యింట ఎన్నడో ఒకనాటి మాట, వారమువారము కాదు.

రైళ్ళు వచ్చిన పిమ్మట ఊరికొక కాలము చెల్లదయ్యెను. మదరాసు కాలము గ్రీనిచ్ కంటె 5 గంటల 21 నిమిషములు ముందు. బొంబాయిది 4 గంటల 51 నిమిషములు ముందు. కలకత్తాది సుమారు 5 గంటల 53 నిమిషములు ముందు. 1884లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ సభ గ్రీనిచ్ రేఖను మూలముగ నంగీకరించినది. 1906 జనవరి 1 నుండి మన దేశమునకు ఐదున్నర గంటల ప్రామాణిక కాలము ఏర్పడినది. అది ఆ మూడు నగరములలో ఏ యొక్కదాని కాలమును కాదు. అందఱును కొంత జరిగిరి: మదరాసు 9 నిమిషములు, బొంబాయి 39 నిమిషములు. ఆ జరుగుట సులభము కాలేదు. కలకత్తా తన పాత కాలమును 1948 వఱకు, బొంబాయి 1955 వఱకు విడువలేదు. 39 నిమిషములకే ఒక మహానగరము అర్ధశతాబ్ది పట్టుపట్టినది. వారమువారము రాత్రిని విడుచుచున్న ఉద్యోగి విసుగును అల్పమనుట న్యాయము కాదు.

పనిగంటలకు హద్దు కావలెనని లోకము ఎన్నడో గుర్తించినది. 1919 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒడంబడిక పరిశ్రమలలో రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అనెను. మన 1948 ఫ్యాక్టరీల చట్టమును వారమునకు 48 గంటలే హద్దుగ పెట్టినది. కాని ఆ హద్దులు ఫ్యాక్టరీ గేటును చూచి గీసినవి. గేటు దాటి ఇంటికి వచ్చు ఫోను ఏ హాజరు పట్టీలోను ఎక్కదు. ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుండి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుండి, పనివేళ తరువాత పిలుపునకు పలుకకుండు హక్కును చట్టము గుర్తించినది. మన లోకసభలో 2018లో ఇట్టి బిల్లును ఒక సభ్యురాలు ప్రవేశపెట్టిరి గాని అది చట్టము కాలేదు.

ఈ దోషము విదేశీ సంస్థలదేయని తలచి తృప్తి పడరాదు. బడిలో తల్లిదండ్రుల సమావేశము పనిరోజున ఉదయము 11 గంటలకు పెట్టినచో, పగటి షిఫ్టులో నున్న తండ్రికి ఆనాటి కూలి పోవును. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తల్లికి నిద్ర పోవును. రానివారిని శ్రద్ధలేనివారందుము. గంట కొట్టిన ఐదు నిమిషములకు పిలిచిన ఉపాధ్యాయుల సమావేశము పల్లెకు పోవు ఆఖరి బస్సును తప్పించును. షికాగో చేయుపనిని మన బడియు తన పరిధిలో చేయుచునే యున్నది.

మార్గము కష్టమైనది కాదు. తప్పని అసౌకర్యమును వంతులు వేసికొనవలెను: ఈ నెల మాకు రాత్రి, వచ్చు నెల మీకు రాత్రి. జాబుతో తీరు పనికి సభ కూర్చరాదు. ఒక్క మాట చెప్పవలసినవానిని ముందు చెప్పనిచ్చి పంపవలెను. రాత్రి కూర్చున్నవానికి మరునాటి ఉదయమున ఆ గంట తిరిగి ఈయవలెను. అన్నింటికంటె ముందు, నోటీసులో రెండు వేళలును వ్రాయవలెను. “షికాగో, ఉదయము 9” అని వ్రాసిన చేయి దాని ప్రక్కనే “శ్రీసిటీ, రాత్రి 8:30” అని కూడ వ్రాయవలసి వచ్చినపుడు, పెక్కు సమావేశములు అచ్చటనే ఆగి జాబులుగ మారును.