నల్లబల్ల మీద 21 అంకెలు

1903 అక్టోబరు 31. న్యూయార్క్‌లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశం. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ లేచి నల్లబల్ల దగ్గరికి వెళ్లాడు. 67 రెళ్లను ఒకదానితో ఒకటి హెచ్చించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేశాడు: 147573952589676412927. పక్కన 193707721ని 761838257287తో గుణించాడు. రెండు జవాబులూ ఒక్కటే. నోరు విప్పకుండానే వచ్చి కూర్చున్నాడు. సభంతా చప్పట్లతో మోగిపోయిందని గణిత చరిత్రకారుడు ఎరిక్ టెంపుల్ బెల్ రాశాడు. దానికి ఎంత కాలం పట్టిందని తర్వాత తాను అడిగితే, మూడేళ్ల ఆదివారాలని కోల్ చెప్పాడట.

ఈ సంఖ్య మనకు మరీ పరాయిది కాదు. చదరంగం గడుల్లో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు రెట్టింపు చేస్తూ పోతే 64 గడులకు మొత్తం 18446744073709551615. చంద్రుడంటే 1, వేదాలంటే 4 అన్న పద్ధతిలో ఈ అంకెలన్నిటినీ ఒక పద్యంలో పొదిగిన తెలుగు కవి ఉన్నాడు. ఆ బల్లకు ఇంకో మూడు గడులు అతికిస్తే వచ్చే మొత్తమే కోల్ సంఖ్య.

ఫ్రెంచి మతగురువు మారిన్ మెర్సెన్ 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. 1876లో ఎడ్వర్డ్ లూకాస్ కాదని తేల్చాడు, ఒక్క కారణాంకమూ చూపకుండానే!

అదెలాగో చిన్న సంఖ్య మీద చూడొచ్చు. లూకాస్ పద్ధతిని తర్వాత లెహ్మర్ మెరుగుపరిచాడు. 31 తీసుకుందాం. అయిదు రెళ్లను హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చేదది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేస్తే 14. మళ్లీ అలాగే చేస్తే 194. 31తో భాగిస్తే శేషం 8. ఇంకోసారి చేస్తే 62, శేషం సున్నా. మూడో అడుగులో సున్నా వచ్చింది కాబట్టి 31 ప్రధాన సంఖ్యే. కోల్ సంఖ్యకు 65 అడుగులు వేసినా చివర సున్నా రాదు. కుండను వేలితో కొట్టి చూస్తే బీట ఉందని చప్పుడే చెబుతుంది. ఎక్కడుందో మాత్రం చెప్పదు.

ఆ బీటను వెతకడమే అసలు కష్టం. ఈ సంఖ్యకు ఏ కారణాంకమైనా 134 గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉండి తీరాలి. వరసగా భాగించుకుంటూ పోతే 193707721 తగిలేది 14,45,580వ ప్రయత్నంలో. కోల్ వర్గశేషాలతో జల్లెడ పట్టి ఆ గుంపును పలచన చేసుకున్నాడు. చప్పట్లు బల్ల మీది గుణకారానికి దక్కాయి గానీ, ఘనత ఆ జల్లెడదే.

గుణించడం తేలిక, విడదీయడం కష్టం అన్న ఈ తేడా మీదే 1977లో ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి పుట్టింది. కోల్ ఆదివారాల శ్రమను ఇవాళ కంప్యూటర్ రెప్పపాటులో ముగిస్తుంది. అయినా 1277 రెళ్లను హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చే 385 అంకెల సంఖ్య ఇంకా లొంగలేదు. అది ప్రధాన సంఖ్య కాదని రుజువైంది. దాని కారణాంకం 2554 గుణిజం కంటే ఒకటి ఎక్కువ ఉంటుందనీ తెలుసు. ఒక్కటీ ఇంకా చేతికి చిక్కలేదు.