చక్కెర లేకుండా తీపి ఎలా?

డైట్ కోలాలో చక్కెర ఉండదు. మరి తియ్యగా ఎలా ఉంటుంది? నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలు ఉంటాయి. చక్కెర అణువు వాటిని తాకగానే మెదడుకు కబురు వెళ్తుంది. డైట్ కోలాలో వేసే ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థం కూడా వాటినే తాకుతుంది. పైగా అది చక్కెర కన్నా సుమారు 200 రెట్లు తీపి. అందుకే రవ్వంత వేస్తే చాలు, కేలరీలు దాదాపు సున్నా.

పోషకాలూ సున్నాయే! అదే జీడిపప్పు గుప్పెడు తింటే సుమారు 5 గ్రాముల ప్రొటీన్, దాంతోపాటు మెగ్నీషియం అందుతాయి. మజ్జిగలో కాల్షియం ఉంటుంది. పిల్లలు బడి నుంచి ఆకలితో వచ్చినప్పుడు వీటి బదులు కోలాతో కడుపు నింపుకుంటే పెరిగే ఎముకలకు ఏం అందుతుంది? నా బెంగంతా అదే. కోలాలోని ఆమ్లం పళ్ల ఎనామిల్‌నూ అరగదీస్తుంది. బరువు అదుపు కోసం ఆస్పర్టేమ్ లాంటి తీపి పదార్థాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన పిల్లలకూ వర్తిస్తుంది.