నిమిషానికి నాలుగు కిలోమీటర్లు

నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాలెం సుమారు 15 కిలోమీటర్లు. బస్సెక్కితే అరగంట పైమాటే. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వెళ్లే హెలికాప్టర్‌కు నాలుగు నిమిషాలు కూడా పట్టదు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ఆ ఉదయం 8:38కి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బెల్-430 హెలికాప్టర్‌లో బేగంపేట నుంచి బయల్దేరారు. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి వెళ్లాలి. గంట తిరక్కుండానే సంబంధాలు తెగిపోయాయి. ఇస్రో ఉపగ్రహం, సుఖోయ్ యుద్ధ విమానం కూడా గాలింపులో దిగాయి. పావురాలగుట్ట మీద శకలాలు కనిపించేసరికి మర్నాడు తెల్లవారింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు.

ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ కమిటీ రెండు విషయాలు తేల్చింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమస్య ఏమిటో తెలుసుకోవడంలో పైలట్లకు ఆరు నిమిషాల సమయం పోయింది. ఆరు నిమిషాలంటే, మన లెక్కన 24 కిలోమీటర్లు. ఆ తర్వాత హెలికాప్టర్ కారుమబ్బులోని బలమైన దిగుడుగాలిలో చిక్కి అదుపు తప్పింది.

ఈ దిగుడుగాలి మనకు కొత్తదేమీ కాదు. వానకు ముందు కనిగిరి చెరువు కట్ట మీద నిలబడి చూడండి. చినుకు పడకముందే చల్లగాలి ఒక్కసారిగా విసురుతుంది, తువ్వాలు ఎగిరిపోతుంది. మబ్బులో వానతో చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి, నేలకు తగిలి, నలువైపులా పరుచుకోవడమే అది. మనకు తగిలేది దాని కొస మాత్రమే. పైన నడిమధ్యలో చిక్కినవాళ్లను అది నేలకేసి తోస్తుంది. నల్లమలలో కొన్ని శిఖరాలు 900 మీటర్లు దాటుతాయి, కోలుకునే ఎత్తు మిగలదు.

కంటిచూపుతో నడిపేవారికి మామూలుగా 5 కిలోమీటర్ల మేర కనబడాలన్నది నిబంధన. ఆ వేగంలో అది 75 సెకన్ల దూరం. మబ్బులోకి వెళ్లాక యాభై మీటర్లే కనిపిస్తే ఒక్క సెకను కూడా లేదు.

కొండలే ఉండనక్కర్లేదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగిని హెలికాప్టర్ ప్రమాదంలో మనం పోగొట్టుకున్నది కైకలూరు దగ్గర, చేపల చెరువుల నేల మీద.

ఎన్నికలప్పుడు మన ఊళ్లకూ హెలికాప్టర్లు వస్తాయి. సభ పెట్టేవారికి ఒక్క మనవి: మబ్బు పట్టిన రోజున పైలట్‌ను తొందరపెట్టకండి. రాలేమంటే మైకులో ఆ మాటే చెప్పండి, జనం అర్థం చేసుకుంటారు.