నపుంసకుడు అనే ఒక్క మాట: అలైంగికత, అవివాహిత జీవితము, కాపరి బాధ్యత

ఉపోద్ఘాతము

హైదరాబాదు పాతబస్తీలో, మూసీ దక్షిణపు ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనము ఉన్నది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఒక పాత చట్టమును కొట్టివేసింది. అది నిజాము పాలనలో 1329 ఫసలీ, అనగా 1919లో, నపుంసకులను గురించి చేసిన చట్టము. నగరములో నివసించే నపుంసకులలో నేరానుమానము ఉన్నవారి పేర్లను రిజిస్టరులో ఎక్కించాలని, వారు స్త్రీ వేషములో వీధిలో కనబడితే వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చునని అది చెప్పింది. ఇది రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని న్యాయస్థానము తీర్పు ఇచ్చింది.

ఆ చట్టము నపుంసకుని ఎలా నిర్వచించిందో చూడండి. తనకు పుంసత్వము లేదని ఒప్పుకొన్న పురుషుడు, వైద్య పరీక్షలో అలా తేలిన పురుషుడు, ఇద్దరూ దాని లెక్కలో నపుంసకులే. హిజ్రా సమాజమునకు చెందినవారిని, శారీరక లోపము గలవారిని అది ఒకే రాశిగా పోసింది. చట్టము పోయినా ఆ కలగాపులగము మన మాటలో మిగిలే ఉన్నది. మన సంఘములలో పెండ్లి వద్దన్న యువకుని గురించి వెనుక గుసగుసగా వినబడేది ఆ మాటే. ఈ వ్యాసములో మేము ఆ మాటను విడదీసి, అలైంగికత అనగా ఏమిటో వివరించి, కాపరులు దానిని ఎలా ఎదుర్కోవాలో సూచించదలచాము.

అలైంగికత అంటే ఏమిటి?

అలైంగికము అనే మాట మన విద్యార్థులకు జీవశాస్త్ర పాఠములో అమీబా ప్రత్యుత్పత్తి దగ్గర పరిచయము. ఇక్కడ దాని అర్థము వేరు. స్త్రీ పట్ల గాని పురుషుని పట్ల గాని లైంగిక ఆకర్షణ కలుగకపోవుట, లేదా బహు అరుదుగా కలుగుటయే అలైంగికత. అమెరికాలో డేవిడ్ జే 2001లో ఒక అవగాహనా వేదికను ప్రారంభించిన తరువాత ఈ మాట ప్రచారములోనికి వచ్చింది. కెనడా పరిశోధకుడు ఆంథొనీ బొగార్ట్ 2004లో బ్రిటనుకు చెందిన పద్దెనిమిది వేలకు పైబడిన వ్యక్తుల సమాచారమును పరిశీలించి, వారిలో సుమారు 1 శాతము తమకు ఎవరి పట్లను లైంగిక ఆకర్షణ కలుగలేదని చెప్పినట్లు చూపాడు. మన దేశములో 2014 నుండి ఇండియన్ ఏసెస్ అనే బృందము ఈ అవగాహన కొరకు పనిచేసింది. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథపు ఐదవ కూర్పు, తాను అలైంగికుడనని చెప్పుకొనే వ్యక్తికి కోరిక లేమి అనే రుగ్మతను అంటగట్టరాదని స్పష్టము చేసింది.

నాలుగు సంగతులను వేరుగా ఉంచుకోవాలి. పుంసత్వము లేకపోవుట శరీరమునకు సంబంధించినది. కోరిక ఉండి కూడా అది సంభవించవచ్చు. హిజ్రా అనునది లింగ గుర్తింపుకు, సమాజ జీవనమునకు సంబంధించినది. బ్రహ్మచర్యము ఒకరు ఎన్నుకొనే మార్గము. కోరిక ఉన్నవాడే దానిని అణచుకొని నడుస్తాడు. అలైంగికత ఎన్నుకొన్నది కాదు. అలైంగికులైన కొందరు తోడును, ఇల్లును, స్నేహమును కోరుకుంటారు. కొందరు వివాహము కూడా చేసుకుంటారు. మరికొందరు ఒంటిగా ఉండుటలోనే తృప్తిగా ఉంటారు. మునుపు ఉన్న కోరిక హఠాత్తుగా పోతే మాత్రము అది వేరు విషయము. వ్యాధి, మందులు, మానసిక కృంగుదల కారణము కావచ్చును గనుక వైద్యునికి చూపించాలి.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

మత్తయి 19:12లో మన తెలుగు బైబిలు నపుంసకుడు అన్నచోట గ్రీకు మూలములో యునూఖొస్ అని ఉన్నది. పడకగదికి కావలివాడు అని దాని ధాత్వర్థము. పాత నిబంధనలోని సారీస్ అనే హెబ్రీ మాట ఇంకా విశాలమైనది. ఆదికాండము 39:1లో పోతీఫరును కూడా ఆ మాటతోనే పిలిచారు. అతనికి భార్య ఉన్నది గనుక మన అనువాదకులు అక్కడ ఉద్యోగస్థుడు అని రాశారు. మాట ఒక్కటే అయినా అది సూచించే మనుష్యులు పలువిధములని లేఖనమే చూపుచున్నది.

ఆ వచనములో ప్రభువు మూడు వర్గములను చెప్పాడు: పుట్టుకతోనే అలాగున్నవారు, మనుష్యులవలన అలా చేయబడినవారు, పరలోకరాజ్యము నిమిత్తము తామే ఆ స్థితిని అంగీకరించినవారు. మొదటి వర్గమును వ్యాఖ్యాతలు సాధారణముగా శారీరక లోపముగా గ్రహించారు. ప్రభువు అక్కడ నేటి అలైంగికతను గురించే చెప్పాడని మేము వాదించము. అది వచనము మీద మన భారము మోపుట అవుతుంది. అయితే రెండు సంగతులు నిశ్చయము. అందరూ వివాహమునకు తగినవారు కారని ప్రభువు ఒప్పుకొన్నాడు. ఆ మొదటివారిని ఆయన గద్దింపలేదు. లూథరు సైతము 1522లో వివాహ జీవితమును గూర్చి రాసిన గ్రంథములో ఈ మూడు వర్గములను ఫలించుడి అనే ఆజ్ఞనుండి మినహాయించాడు.

ద్వితీయోపదేశకాండము 23:1 సమాజములోనికి రానీయని వానికి, యెషయా 56:3–5 కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరును వాగ్దానము చేసింది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు బాప్తిస్మము పొందినప్పుడు ఆ వాగ్దానము నెరవేరుట చూస్తాము. వివాహము, సంతానము దేవుని ప్రజలలో చేరుటకు షరతులు కావు.

పౌలు 1 కొరింథీయులకు 7:7లో వివాహమును, అవివాహ స్థితిని రెంటినీ కృపావరములుగా చెప్పాడు. ఆదికాండము 2:18ని చూపి ఒంటిగా ఉన్న ప్రతివానిని నిందించేవారు, అదే దేవుడు యిర్మీయాను వివాహము చేసికొనవద్దన్న సంగతి (యిర్మీయా 16:2) మరువరాదు. అటు 1 తిమోతి 4:3 వివాహమును నిషేధించు బోధను ఖండించుచున్నది. కాబట్టి కోరిక లేనివాడు అధిక పరిశుద్ధుడు కాడు, తక్కువవాడును కాడు.

మన సంఘములలోని పరిస్థితి

గుంటూరులో లూథరన్ మిషను వైద్యురాలైన అన్నా సారా కుగ్లర్ 1883లో వచ్చి, 1930లో మరణించువరకు అవివాహితగానే తెలుగు స్త్రీలకు వైద్యము చేశారు. ఆమె అంతరంగమును గురించి ఊహించే హక్కు మనకు లేదు. అయితే అలాంటివారి సేవను కొనియాడే సంఘమే, తన మధ్య ముప్పై ఏండ్లు దాటిన సోదరి పెండ్లి వద్దంటే ఆమెలో లోపము వెదకుచున్నది. పాతబస్తీలో పొరుగున ఉన్న ముస్లిము కుటుంబములు నికాహును ప్రవక్త సున్నతుగా ఎంచుతాయి. హిందూ కుటుంబములకు గృహస్థాశ్రమము ధర్మము. వాటి నడుమ జీవించే క్రైస్తవ తల్లిదండ్రులకు కూడా నలుగురూ ఏమనుకుంటారో అన్న భయము సహజమే.

ఆ భయముతో కాపరిని ఆశ్రయించినప్పుడు, పెండ్లి అయితే అన్నీ సర్దుకుంటాయి అనే సలహా సులువుగా వస్తుంది. దాని ఫలితమును ఇద్దరు మోయవలసి వస్తుంది. 1 కొరింథీయులకు 7:3–5 దాంపత్య ధర్మమును ఇరువురికీ విధించింది. భాగస్వామికి ముందుగా చెప్పక చేసిన పెండ్లిలో ఆ వచనమే ఇరువురికీ శిక్షగా మారుతుంది. చట్టము కూడా దీనిని గమనించింది. 2001లో సవరించిన విడాకుల చట్టపు 10వ సెక్షను ప్రకారము బుద్ధిపూర్వకముగా దాంపత్యమును నిరాకరించుట విడాకులకు కారణము. పుంసత్వము లేకపోవుట 19వ సెక్షను క్రింద వివాహమును రద్దు చేయుటకు కారణము. చట్టము వేరుచేసిన వీటిని కాపరి కలిపివేయరాదు.

కాపరులకు కొన్ని సూచనలు

మొదటిది, ఎవరైనా ఈ విషయము చెప్పుకొన్నప్పుడు పెండ్లి సంబంధము చూపించకముందే వినాలి. చెప్పినదానిని కుటుంబమునకైనా వారి అనుమతి లేకుండా తెలుపరాదు.

రెండవది, వివాహపూర్వ సలహాలో వధూవరులతో విడివిడిగా, మర్యాదగా ఈ ప్రశ్న అడగాలి. అది ప్రకటనలు చదువకముందే జరగాలి.

మూడవది, ఇది విడిపింపవలసిన దయ్యము అనే ప్రార్థనలు మానుకోవాలి. బలవంతము, దుర్వినియోగము జరిగిన సూచనలు కనబడితే తగిన వైద్య, న్యాయ సహాయము చూపించాలి.

నాలుగవది, మత్తయి 19 ప్రసంగించునప్పుడు పదమును వివరించకుండా దాటిపోరాదు. వినేవారిలో ఆ మాటను తమ మీద వేయబడిన రాయిగా వినేవారు ఉండవచ్చును.

ముగింపు

అవివాహితులు వృద్ధాప్యములో ఎవరి ఇంట ఉంటారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని తల్లిదండ్రులు అడిగే ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు ఇవ్వవలసినది సంఘమే. మార్కు 10:29–30లో ఇండ్లను, అన్నదమ్ములను, అక్కచెల్లెండ్లను వాగ్దానము చేసిన ప్రభువు ఆ వాగ్దానమును నెరవేర్చేది తన ప్రజల ద్వారానే. పండుగనాడు వారిని భోజనమునకు పిలుచుట, సంఘ పెద్దరికములో వారికి స్థానమిచ్చుట, ఆసుపత్రిలో వారి మంచము ప్రక్క కూర్చొనుట అనే చిన్న పనులలో ఆ జవాబు ఆరంభమవుతుంది.