చట్టానికి అందని బండ
ఎడ్ల పోటీలపై మెట్ట రైతాంగంలో సందిగ్ధం

నందిగామ: ఎడ్లబండి మీద ఎంత బరువు వేయాలో చట్టం చెప్పింది. ఎద్దును రోజుకు ఎన్ని గంటలు తోలాలో, ఎంత ఎండలో విప్పేయాలో కూడా చెప్పింది. కాని తిరునాళ్లలో జత ఎడ్లు నేలమీద ఈడ్చుకుపోయే రాతిబండ బరువు ఎంతకు మించకూడదో ఆ నిబంధనల పట్టికలో ఎక్కడా లేదు. చక్రాలున్న బండికి లెక్క ఉంది, చక్రాలు లేని బండకు లేదు. పందెపు ఎడ్లను మేపే నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు రైతుల చిక్కంతా ఇక్కడే ఉంది.

పూర్వపు కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతంగా పేరుపడి, 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ తాలూకాలలో ఎద్దుకున్న స్థానం ఇప్పటిది కాదు. మునేరు, పాలేరు, వైరా ఏళ్ల మధ్యనున్న నల్లరేగడి చేలను దున్నడానికి బలమైన జత కావాలి. వాన పడ్డాక అదను తప్పకుండా అరక సాగాలంటే మామూలు పశువుతో అయ్యే పని కాదు. అందుకే ఒంగోలు జాతి ఎడ్లంటే ఇక్కడి రైతుకు అంత మక్కువ. మంచి జత వాకిట్లో ఉంటే ఆ ఇంటికి పరపతి. పిల్లనిచ్చేవారు పొలం కంటే ముందు కొట్టం చూసేవారని పెద్దలు నేటికీ చెప్పుకుంటారు.

అమ్మవారి బండ్లకూ ఎడ్లే

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి కథలోనే పశువులున్నాయి. ఆమె భర్త గోపయ్య మేత కోసం మందను అడవికి తోలుకుపోయి పులి వాత పడ్డాడని స్థలపురాణం. మాఘ ఫాల్గుణాలలో జరిగే తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్లనుంచి ప్రభబండ్లు కట్టుకు వస్తారు. రెండేళ్లకొకసారి అమ్మవారి విగ్రహాలకు రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకువచ్చేటప్పుడు కూడా ఆ బండ్లకు ఎడ్లనే కడతారు. జాతీయ రహదారి మీద లారీలు వరుసకట్టి పోతున్నా, ఆ రోజు దారి ఎడ్లదే.

ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పొలంలో పని తగ్గింది. దుక్కి, విత్తనం, నూర్పిడి, తోలకం ఒక్కొక్కటీ యంత్రానికి పోయాయి. పని పోయిన ఎద్దుకు మిగిలింది పందెం. సంక్రాంతికి, శివరాత్రికి, ఊరి తిరునాళ్లకు బండలాగుడు పోటీలు కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో జరుగుతూనే ఉన్నాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, జూనియర్, సీనియర్ అంటూ విభాగాలు చేస్తారు. నిర్ణీత వ్యవధిలో ఏ జత బండను ఎక్కువ అడుగుల దూరం లాగితే దానిదే బహుమతి. ఉలవలు, పత్తిగింజలు, తవుడు పెట్టి మేపి, రోజూ ఇసుకలో నడిపించి తయారుచేసిన జతకు గెలుపుతోనే ధర పలుకుతుంది.

చట్టం ఏమంటోంది?

మూగజీవాలను కొట్టడం, మితిమీరి తోలడం, మోయలేని బరువు వేయడం నేరమని 1960లో పార్లమెంటు చేసిన జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షను చెబుతోంది. అందులో రాసిన జరిమానా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక పందెపు ఎద్దు మెడలో కట్టే మువ్వల పట్టెడకు కూడా చాలని మొత్తం ఇది. అయితే 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను కింద జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

బండి తోలేవారికి వర్తించే నిబంధనలు 1965లో వచ్చాయి. వాటి ప్రకారం 350 కిలోలకు పైబడి తూగే పెద్ద ఎద్దు ఒక్కటి లాగే రెండు చక్రాల బండి మీద, రబ్బరు టైర్లు లేకపోతే 900 కిలోలు, గాలి టైర్లుంటే 1350 కిలోలు, బాల్ బేరింగులుంటే 1800 కిలోలు మించకూడదు. జత కడితే దానికి రెట్టింపు. రోజు మొత్తం మీద 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించరాదు. 37 డిగ్రీలు దాటే ఎండ ఉన్నచోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు కాడి కట్టరాదు. మేకులు దిగ్గొట్టిన ముల్లుకర్ర వాడరాదు. వేసవి ఎండలకు పేరుమోసిన నందిగామలో ఈ నిబంధనను తు.చ. తప్పక పాటిస్తే చైత్ర వైశాఖాలలో మిట్టమధ్యాహ్నం ఒక్క బండీ రోడ్డెక్కకూడదు.

గుర్రానికీ ఇవే నిబంధనలు. పశువు లాగే బండిలో తోలేవాడు, ఆరేళ్లలోపు పిల్లలు కాక నలుగురికి మించి ఎక్కించరాదని 1965 నిబంధనలు చెప్పాయి. జట్కాలు తిరిగిన కాలంలో బస్టాండు దగ్గర నలుగురితో కదిలిన జట్కా ఏదీ అంటే చెప్పడం కష్టం. ఆ తర్వాత ఆటోలు వచ్చి జట్కా గుర్రాన్ని ఆ బరువునుంచి తప్పించాయి. నిబంధన చేయలేని పనిని ఆటో చేసింది.

ఎద్దుకు నిషేధం, గుర్రానికి నమోదు

అసలు మలుపు 2011 జూలై 11న వచ్చింది. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ప్రదర్శనలకు వాడరాదన్న జాబితాలో కేంద్ర ప్రభుత్వం ఆ రోజు ఎద్దును కూడా చేర్చింది. తమిళనాడు జల్లికట్టు, మహారాష్ట్ర బండి పందేల వివాదంలో సుప్రీంకోర్టు 2014 మే 7న తీర్పు చెబుతూ తమిళనాడు, మహారాష్ట్రల్లోనే కాదు, దేశంలో మరెక్కడా ఎద్దులను ఇలాంటి ప్రదర్శనలకు వాడరాదన్నది. పశువుకు ఆకలిదప్పులనుంచి, భయంనుంచి, నొప్పినుంచి విముక్తి ఉండాలనే సూత్రాన్ని ఆ తీర్పు గట్టిగా నిలబెట్టింది.

2016 జనవరి 7న కేంద్రం మరో నోటిఫికేషను తెచ్చి కొన్ని రాష్ట్రాలకు మినహాయింపునిచ్చింది. తమిళనాడుకు జల్లికట్టు, మహారాష్ట్ర, కర్ణాటక, పంజాబ్, హర్యానా, కేరళ, గుజరాత్‌లకు బండి పందేలు. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరు లేదు. బండలాగుడు మాట కూడా లేదు. అయిదు రోజులకే సుప్రీంకోర్టు ఆ మినహాయింపును నిలిపివేసింది. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ శాసనసభల్లో సవరణ చట్టాలు చేసుకున్నాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ మూడు చట్టాలూ చెల్లుతాయని తేల్చింది. అయితే ఆ చట్టాల్లోనూ, వాటి కింద చేసిన నిబంధనల్లోనూ రాసుకున్న షరతులను కచ్చితంగా అమలు చేయవలసిందేనని చెప్పింది.

అంటే పొరుగు రాష్ట్రాల రైతు చేతికి షరతులు రాసిన కాగితం వచ్చింది. మన రైతు చేతిలో పాత అలవాటు తప్ప కాగితం లేదు.

గుర్రప్పందేల సంగతి ఎత్తగానే రచ్చబండ దగ్గర వాదన వేడెక్కుతుంది. హైదరాబాదు మలక్‌పేటలో నిజాముల కాలంనుంచి గుర్రాలు పరుగెత్తుతున్నాయి. గుర్రప్పందెం నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని మద్రాసు రేస్ క్లబ్ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ఎద్దును చేర్చిన నిషేధ జాబితాలో గుర్రం లేదు. ప్రదర్శన జంతువులను నమోదు చేయించుకోవాలన్న నిబంధనలకు లోబడి నడుచుకుంటే చాలు. పట్నంలో జాకీ కొరడా పట్టుకుంటే క్రీడ, పల్లెలో రైతు చెర్నాకోల పట్టుకుంటే నేరమా అన్నది రైతుల ప్రశ్న. ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కాని ఒకచోట కొరడా ఉన్నదని మరోచోట ముల్లుకర్ర ఒప్పు కాజాలదు. పైగా రేసు గుర్రానికి వెంట పశువైద్యుడుంటాడు. ఏ గుర్రం ఎంత బరువు మోస్తున్నదో ముందుగానే తూచి ప్రకటిస్తారు. ఎద్దుకు దక్కనిది ఆ తూకమే.

బండ అసలు బరువెంత?

చక్రాల మీద బరువు వేరు, నేలమీద ఈడ్చే బరువు వేరు. గట్టి రోడ్డు మీద బండి కదలాలంటే మొత్తం బరువులో కొద్ది భాగం బలం చాలు. రాతిబండ నేలను రాసుకుంటూ పోవాలంటే బరువులో ఉజ్జాయింపున సగం బలం కావాలి. తన ఒంటి బరువులో పదోవంతు బలంతో ఎద్దు గంటల తరబడి పని చేయగలదని పశుశాస్త్రం చెబుతుంది. జత కలిసి వెయ్యి కిలోలు తూగితే, నాగలి దగ్గర వంద కిలోల లాగుడు వాటికి అలవాటైన పని. అదే జతకు టన్ను బండ కడితే అయిదు వందల కిలోల లాగుడు అవుతుంది. అంటే రోజూ చేసే పనికి అయిదింతలు. బలమైన ఎద్దు దీన్ని కొద్ది నిమిషాలు చేయగలదు. ఆ కొద్ది నిమిషాలు దాటాక లాగేది బలం కాదు, దెబ్బ.

నేల తీరు కూడా ముఖ్యమే. పొడి ఇసుక, తడిసిన రేగడి, గులకరాళ్ల బాట ఒక్కటి కావు. గులకరాయి మీద గిట్ట జారితే మోకాలు పోతుంది. మోకాలు పోయిన ఎద్దు మళ్లీ పందేనికి రాదు. దుక్కికి పనికిరాదు. అటుపై దాని దారి ఎటో చెప్పనక్కరలేదు. పాలపళ్ల కోడెల విషయం మరీ ఆలోచించదగ్గది. ఎద్దుకు రెండు పళ్లు వచ్చేది రెండు, రెండున్నరేళ్లకు. ఎముక ముదరని ఆ వయసులో బరువు పడితే పెరిగాక కుంటుతనం తప్పకపోవచ్చు.

జాతి నిలవాలంటే

పశుపోషకుల వాదనకు మరో పక్క ఉంది. పందెం లేకపోతే ఒంగోలు ఎద్దును మేపేవాడెవడు అన్నది వారి మాట. జత మేత ఖర్చు చిన్న సంసారం ఖర్చుతో సమానం. పొలం పని లేదు. పోటీ కూడా లేకపోతే కోడెదూడ పుట్టిన నాడే సంతకు పోతుంది. ఈ జాతి పశువులను పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కించి బ్రెజిల్ తీసుకుపోయారు. అక్కడ నెల్లూరు పేరుమీద ‘నెలోర్’గా అవి లక్షోపలక్షలై ఆ దేశపు పశుసంపదకు మూలాధారమయ్యాయి. పుట్టిన నేల మీద మాత్రం గుంటూరు దగ్గరి లాం వంటి ప్రభుత్వ క్షేత్రాలు, కొందరు పట్టుదల గల రైతులే దీనికి ఆధారం. ఆ రైతుల్లో ఎక్కువమంది పందెపు రైతులే.

ఈ వాదనను తీసిపారేయడానికి లేదు. అలాగని పూర్తిగా ఒప్పుకోవడానికీ లేదు. పందెం మేపేది మగ పశువును. జాతి నిలిచేది ఆవుతో. పాల దిగుబడి కోసం ఇంట్లో ఒంగోలు ఆవు స్థానంలో గేదె, సంకర ఆవు వచ్చిన ఊళ్లలో పందెం ఎన్నాళ్లు సాగినా పందెపు కోడె ఎక్కడినుంచి వస్తుంది? నిర్వాహకులు బహుమతుల్లో కొంత ఆవుల పోటీలకు, దూడల ప్రదర్శనకు మళ్లిస్తే వారి మాటకు బలం వస్తుంది.

చేయదగినవి

చట్టం తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. బండ బరువు వేబ్రిడ్జి మీద తూచి పలక మీద రాయవచ్చు. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల ప్రాంతంలో వేబ్రిడ్జికి కరువు లేదు. ఎడ్ల జతను కూడా తూచి, ఆ బరువును బట్టి బండను నిర్ణయించవచ్చు. పళ్లతో పాటు పశువైద్యుడు చూసిన కాళ్లు, గిట్టలు కూడా అర్హతలో చేర్చవచ్చు. పోటీలు ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టవచ్చు. ముల్లుకర్ర, తోక మెలిపెట్టడం, సారా పట్టించడం కనిపిస్తే ఆ జతను అక్కడికక్కడే తప్పించవచ్చు. దూరంనుంచి లారీలో తెచ్చే ఎడ్లకు 1978 రవాణా నిబంధనల ప్రకారం వైద్యుని ధ్రువపత్రం, వెంట మనిషి ఉండాలి. ఒక లారీలో ఆరు పశువులకు మించరాదు. దీనికి కొత్త జీవో అక్కరలేదు, ఉన్నదాన్ని చదివితే చాలు.

జిల్లాకొక జంతుహింస నివారణ సంఘం ఉండాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంఘం పోటీ జరిగే మైదానానికి వచ్చి నిలబడితే చాలా తగాదాలు పోలీసు స్టేషను దాకా పోవు. ఇప్పటి పద్ధతి ఎవరికీ మంచిది కాదు. ఒక ఊళ్లో అధికారులే బహుమతులిస్తారు. పక్క ఊళ్లో కేసు పెడతామంటారు. రైతుకు ఏది ఒప్పో, ఏది తప్పో తెలియదు. తెలియని రైతు భయపడతాడే గాని మారడు.

ధనబోడు స్తూపంలో దొరికిన చక్రవర్తి శిల్పం జగ్గయ్యపేట పేరును ప్రపంచానికి చాటింది. ఆ రాజు చుట్టూ చెక్కిన ఏడు రత్నాలలో గుర్రం ఒకటి, ఏనుగు ఒకటి. రెండువేల ఏళ్లనాడు ఇక్కడి శిల్పి పశువును రాజ్యసంపదలో లెక్కించాడు. రాబోయే తిరునాళ్లలోగా పశుసంవర్ధక శాఖ, రెవెన్యూ, పోలీసు అధికారులు, నిర్వాహకులు, రైతులు ఒకచోట కూర్చుని బండకు ఒక తూకం, ఎద్దుకు ఒక హద్దు నిర్ణయించవలసి ఉంది.